అత్తరు పెట్టె లెక్క

మా చరిత్ర చెప్పమంటే అందరూ కోటల దగ్గరికే తీసుకుపోతారు. కుందుర్పిలోనూ కొండ మీద కోట ఉంది. పాలెగాళ్ల కథలున్నాయి. ఈ సీమ మీదుగా పోయిన బీజాపూరు దండు కథ ఉంది, హైదరాలీ, టిప్పుల కథలున్నాయి. ఆ కథల్లో కొండ కింద బతికిన దూదేకుల సాయిబు ఎక్కడున్నాడు? ఊరూరా తిరిగి గాజులమ్మిన బీబీ ఎక్కడుంది? పీర్ల చావిడి ముందు ఊదు వేసిన ముజావరు ఎక్కడున్నాడు? వీళ్ల పేరు మీద శాసనం లేదు, ఫర్మానా లేదు. వీళ్ల ఇళ్లల్లో మిగిలింది ఒక రేకు పెట్టె. అందులో నిఖా కాగితం, తస్బీ, సుర్మా బుడ్డి, నాలుగైదు అత్తరు సీసాలు. ఈ వ్యాసం ఆ సీసాల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ సీసాలకు లెక్క రాసుకోవడం గురించి.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా ఇది. శెనక్కాయ పంట ఎండితే బెంగుళూరు బస్సెక్కే జనం. ఇక్కడ అత్తరు మాటేమిటి అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ప్రశ్నలోనే ఒక పాత అపోహ దాగి ఉంది. అత్తరంటే నవాబు, నవాబంటే సాయిబు, కాబట్టి ప్రతి సాయిబూ పోగొట్టుకున్న నవాబుగిరీకి వారసుడు అన్న అపోహ. సినిమాల్లో అత్తరు పూసుకుని షేర్వానీలో తిరిగే హాస్యపాత్ర అక్కడి నుంచే పుట్టింది. నిజం వేరు. మా ఇళ్లల్లో అత్తరు పావు తులం సీసాల్లో వస్తుంది. దూదిపింజకు అద్ది చెవి మడతలో పెట్టుకుంటారు. ఒక పింజ ముగ్గురికి సరిపోతుంది. జుమ్మా నాడు తానం చేసి, ఉన్నంతలో సువాసన పూసుకుని నమాజుకు పొమ్మని ప్రవక్త చెప్పారు. ఎవరైనా సువాసన ఇవ్వబోతే కాదనొద్దని కూడా చెప్పారు. కూలికి పోయేవాడికి కూడా వారానికొకసారి దక్కే మర్యాద అది. ఉన్నదాంట్లో పక్కవాడికి పూయడం ఆ మర్యాదలో భాగం.

పరిమళాలను పోగుచేసుకోవడం, వాటికి జాబితా రాయడం కొత్త ముచ్చటేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ అనే తత్వవేత్త పరిమళాల రసాయనం మీద ఒక గ్రంథం రాశాడు. వందకు పైగా తయారీ పద్ధతులను ఒక్కొక్కటిగా, పాళ్లతో సహా నమోదు చేశాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే మన దేశంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయం కేటాయించాడు. పదహారు ద్రవ్యాలను గళ్లలో పేర్చి, అందులోంచి నాలుగేసి తీసుకుంటే ఎన్ని రకాలొస్తాయో లెక్క కట్టాడు. 1820. ఈనాటి పిల్లలు గణితంలో సంయోగాలని చదువుకునే లెక్కే అది. పరిమళానికి కులం, మతం అంటగట్టే వాళ్లు ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరిది జ్యోతిషం, ఇంకొకరిది తత్వశాస్త్రం. ఇద్దరూ చేసిన పని ఒకటే. గాలిలో కలిసిపోయేదాన్ని కాగితం మీద నిలబెట్టారు.

మొగలుల కాలానికి వస్తే ఈ పని ఒక సర్కారీ శాఖ అయింది. అక్బరు కొలువులో ఖుష్బూఖానా అని పరిమళాల విభాగం ఉండేది. అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో ఆ విభాగానికి ఒక ప్రకరణమే రాశాడు. అంబరు, కస్తూరి, ఊదు, జబాదు, చందనం, ఒక్కొక్కదాని ధర తులానికి ఇంత, సేరుకు ఇంత అని పట్టిక వేశాడు. వాసన పూల పట్టిక ఇంకొకటి. ఏ పువ్వు ఏ రంగు, ఏ కాలంలో పూస్తుంది అన్నది కూడా రాశాడు. ఆ ఖుష్బూఖానాలో జమాఖర్చు చూసిన ముష్రిఫు ఖ్వాజా షా మన్సూరు. షీరాజు నుంచి వచ్చినవాడు. సీసాల లెక్క చూసిన ఆ మనిషే తర్వాత సామ్రాజ్యం లెక్కలన్నీ చూసే దివానయ్యాడు. శత్రువులతో ఉత్తరాలు నడిపాడన్న ఆరోపణ మీద 1581లో అతన్ని ఉరి తీశారు. ఆ ఉత్తరాలు నకిలీవన్న మాట తర్వాత బయటికొచ్చింది. లెక్క కచ్చితంగా రాసేవాడికి శత్రువులు ఎక్కువని ఆ కథ చెబుతుంది.

జహంగీరు తన జ్ఞాపకాల్లో గులాబీ అత్తరు పుట్టుక చెప్పాడు. నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తుంటే, వేడి పన్నీరు పోసిన పళ్లాల మీద తేలిన నూనె తెట్టును ఆమె గమనించింది. దాన్ని జాగ్రత్తగా తీసి దాచింది. దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టింది సలీమా సుల్తాన్ బేగం. కనిపెట్టింది ఒక ఆడమనిషి, పేరు పెట్టింది ఇంకొక ఆడమనిషి, పేరులో నిలిచింది మాత్రం పాదుషా. మా ఇళ్లల్లోనూ పెట్టె తాళం చెవి అమ్మీ దగ్గరే ఉంటుంది. ఏ సీసా ఎప్పుడొచ్చింది, ఎవరి పెళ్లిలో తెరిచారు, ఎంత మిగిలింది ఆమెకే తెలుసు. ఆమె పోతే ఆ లెక్క ఆమెతోనే పోతుంది.

ఢిల్లీ, ఆగ్రాల సంగతి సరే, మన దక్కన్ మాటేమిటి? బీజాపూరును 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్ షా సంగీతప్రియుడు. తన పాటల పుస్తకం కితాబె నౌరస్‌లో సరస్వతినీ, గణపతినీ కొలిచిన సుల్తాను. నౌరస్ అంటే నవరసాలే. ఆ మాట మీద ఆయనకు ఎంత మోజంటే నౌరస్‌పూరు అని ఊరే కట్టించాడు. ఆయన కొలువులోనే ఇత్రె నౌరస్ షాహీ అని పరిమళాల తయారీ మీద ఒక ఫారసీ పుస్తకం వచ్చింది. రాసింది నిజాముద్దీన్ మహమూద్. పుస్తకం పేరులోనే అరబ్బీ ఇత్రు, సంస్కృత రసం పక్కపక్కన కూర్చున్నాయి. పదిహేడో శతాబ్దం నడుమ బీజాపూరు ఏలుబడి కుందుర్పికి పొరుగునే ఉన్న శిరా దాకా, పెనుకొండ దాకా వచ్చింది. ఆ దండుతో వచ్చింది కత్తులొక్కటే కాదు, ఈ రుచులూ వాసనలూ వచ్చాయి.

ఇంకా వెనక్కిపోతే మాండూ సుల్తాను గియాసుద్దీను. 1469 నుంచి 1500 దాకా ఏలాడు. ఆయన కోసం రాసిన నిమత్‌నామాలో వంటకాల పక్కనే పరిమళాల తయారీ కూడా ఉంది. బొమ్మలతో ఉన్న ఆ పుస్తకం చేతులు మారి మారి టిప్పు సుల్తాను గ్రంథాలయానికి చేరింది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. పుస్తకాలు కంపెనీ పాలయ్యాయి. ఛార్లెస్ స్టూవర్టు అనే ఆయన ఆ గ్రంథాలయానికి వివరమైన జాబితా తయారుచేసి 1809లో కేంబ్రిడ్జిలో అచ్చు వేయించాడు. నిమత్‌నామా ఈనాటికీ లండన్‌లోనే ఉంది. 1800లో నిజాం బళ్లారి, కడప సీమలను కంపెనీకి రాసిచ్చాడు. మా ఊళ్లు దత్తమండలమయ్యాయి. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. చూడండి, రాజుల పుస్తకాలకు జాబితా ఉంది, గెలిచినవాడి చేతి రాతతో. జిల్లాలకు జాబితా ఉంది, పన్ను వసూలు కోసం. మా పెట్టెలకు జాబితా రాసినవాడు లేడు. రాయాల్సింది మేమే.

అత్తరు అనేది ఒక్క సాయిబుల సొత్తా? తెలుగు మాటలనే అడగండి. దేవుడి ముందు వెలిగించే ఊదుబత్తిలో ఊదు అరబ్బీ మాట. కట్టె అని అర్థం. పునుగు పిల్లి నుంచి వచ్చే పదార్థాన్ని అరబ్బీలో జబాద్ అంటారు, మన జవ్వాది ఆ మాటే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూస్తారు. అదే వస్తువు అత్తరు కొట్టులో జబాదు. గుళ్లో ఒక పేరు, గల్లీలో ఒక పేరు. 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ అక్కడ ఎటు చూసినా గులాబీలమ్మేవాళ్లే కనిపించారని, అన్నం ఎంతో ఈ జనానికి గులాబీ అంతేనని రాశాడు. హేరాతు నుంచి వచ్చిన ముసల్మాను మన పూల పిచ్చి చూసి ఆశ్చర్యపోయాడు. పెనుకొండ బాబా ఫకృద్దీన్ దర్గా ఉరుసులో గంధం ఎత్తుకొస్తే ఏ కులంవాడైనా ఆ గంధం కోసం చెయ్యి చాపుతాడు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల ముందు ఊదు పొగలో నిలబడే వాళ్లలో సాయిబులకంటే తక్కినవాళ్లే ఎక్కువ. ఇంత కలిసిపోయిన వాసనను 1992 తర్వాత కొందరు గుర్తింపు చీటీ చేశారు. బస్సులో పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుని సాయిబు వాసన అంటే, వాడి ఇంట్లో వెలిగే ఊదుబత్తి సంగతి వాడికి చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

అత్తరును పోగుచేసినవాళ్ల పక్కన అత్తరును మోసినవాళ్లున్నారు. భుజాన పెట్టె, చేతిలో దూది, సంతల్లో, ఉరుసుల్లో, జాతరల్లో తిరిగే మనిషి. "ఏం సాయిబూ, మల్లె ఉందా?" అని రెడ్ల ఇంటి అవ్వ పిలిస్తే, "ఉందమ్మా, చెయ్యి ఇటు చాపు" అని మణికట్టుకు పూసి, కొన్నా కొనకున్నా పోయేవాడు. ఆయన ఏ చరిత్ర పుస్తకంలోనూ లేడు. ఆయనకు చోటు దొరికింది ఒక సర్కారీ జాబితాలో. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం తెగలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. బీసీ-ఇ జాబితాలో అచ్చుకట్లవాళ్ల తర్వాత రెండో వరుసలో ఉన్నారు, అత్తరు సాయిబులు, అత్తరోళ్లు. ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, హజాములు, గుడ్డి ఎలుగువాళ్లు, తురక కాశలు వాళ్ల వెనకాలే ఉన్నారు. ముస్లింలందరూ ఒకటే ముద్ద అనుకునేవాళ్లకు, ముస్లింలలో కులమెక్కడిది అనే మా పెద్దలకు కూడా, ఆ జాబితా ఒక పాఠం. లోకానికి పరిమళం పంచినవాడు వెనుకబడిన కులంగా తేలాడు. అల్ కిందీ జాబితాలో ద్రవ్యాలున్నాయి, అబుల్ ఫజల్ జాబితాలో ధరలున్నాయి, ఈ జాబితాలో మనుషులున్నారు. ఈ మూడూ కలిపి చదివితేగానీ అత్తరు చరిత్ర పూర్తి కాదు.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. లెక్క ఎలా రాయాలి? పెద్ద విద్యేమీ అక్కర్లేదు. పిల్లల రూళ్ల నోటుపుస్తకం చాలు. ప్రతి సీసాకు ఒక నెంబరు ఇవ్వండి. చిన్న అట్టముక్క మీద ఆ నెంబరు పెన్సిలుతో రాసి దారంతో సీసా మెడకు కట్టండి. పెన్నుతో రాస్తే నూనె తగిలి సిరా కరిగిపోతుంది, పెన్సిలు నిలుస్తుంది. పుస్తకంలో ఆ నెంబరు ఎదురుగా అత్తరు పేరు, ఎక్కడ కొన్నది, ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరం, ఎంత పరిమాణం, ఎంత ధర, ఇప్పుడెంత మిగిలింది అన్నవి రాయండి. తులమంటే సుమారు 11.66 గ్రాములు. బజారులో కొందరు 10 మిల్లీలీటర్ల సీసాను, కొందరు 12 మిల్లీలీటర్ల సీసాను తులమంటారు, అందుకని సీసా కొలతే రాసుకోవడం మేలు. ఏటా రంజాను ముందు ఒకసారి సీసాలన్నీ తీసి చూసి, తగ్గినదాన్ని పుస్తకంలో దిద్దుకోండి.

అడుగు నూనె ఏమిటో తప్పక రాయాలి. కన్నౌజులో పాత పద్ధతిలో రాగి దేగులో పూలూ నీళ్లూ పోసి మూతికి మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లలో ఉంచిన భప్కాలోకి దిగుతుంది. భప్కాలో ముందే పోసి ఉన్న చందన తైలం ఆ వాసనను పట్టుకుంటుంది. చందనం ధర ఆకాశానికి పోయాక చాలామంది లిక్విడ్ పారఫిన్‌లో కలపడం మొదలుపెట్టారు. రెండింటి పేరూ గులాబే, కానీ వయసు వేరు. చందనం మీద తీసిన హినా, షమామా, ఊదు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి బాగుపడతాయి. నిమ్మ, నారింజ జాతి వాసనలు ముందు పోతాయి. వాసన ఎలా మారిందో కూడా రాయొచ్చు. పూసిన వెంటనే ఎలా ఉంది, గంట తర్వాత ఎలా ఉంది, మర్నాడు పొద్దున బట్ట మీద ఏం మిగిలింది, ఈ మూడు మాటలు చాలు.

అత్తరుకు శత్రువులు మూడు, ఎండ, వేడి, గాలి. మా సీమలో మూడూ పుష్కలం. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన పెట్టె ఏప్రిల్, మే నెలల్లో పొయ్యి అవుతుంది. పెట్టెను నేల మీదికి దించి, చీకటి మూలన, సీసాలు నిలువుగా ఉండేటట్టు పెట్టాలి. సగానికి తగ్గిన అత్తరును చిన్న సీసాలోకి మారిస్తే లోపల గాలి తక్కువవుతుంది. కొత్తదాన్ని పాతదాంట్లో పోయకూడదు. పోస్తే రెండింటి చరిత్రా చెరిగిపోతుంది. కాలాన్ని బట్టి కూడా విడదీసుకోవచ్చు. ఎండాకాలానికి ఖస్, అంటే మన వట్టివేరు, గులాబు, మల్లె. చలికాలానికి హినా, షమామా, ఊదు. కేవ్‌డా అంటే మొగలి, ఒడిశాలోని గంజాం జిల్లా దానికి పేరు.

ఒక ఇంటి పుస్తకంలో ఇలా ఉంటుందనుకోండి: "3. ఖస్. అజ్మీరు ఉరుసు నుంచి పెద్దమామ తెచ్చినది. పావు తులం. సగముంది. 4. గులాబు. హైదరాబాదు, చార్మినారు దగ్గర. చెల్లెలి నిఖాకు. అయిపోయింది, సీసా ఉంచినాం. 5. ఊదు. కువైటు నుంచి బావ పంపినది. 6. స్ప్రే, కువైటుదే. ఆల్కహాలు ఉందని అబ్బా పూసుకోడు, పిల్లోళ్లు వాడతారు." ఈ నాలుగు వరుసల్లో ఏముంది? ఎవరు ఏ దర్గాకు మొక్కుకున్నారో ఉంది. పెళ్లి సామానుకు ఏ ఊరు పోయారో ఉంది. కరువు వెంటపడి తరిమితే సముద్రం దాటింది ఎవరో ఉంది. మతాన్ని తండ్రి ఒకలా, కొడుకులు ఒకలా పాటించడం ఉంది. రాయలసీమ ముస్లిం వలసల గురించి ఎవరైనా పరిశోధన చేయబోతే ఇంతకంటే నమ్మకమైన ఆధారం ఎక్కడ దొరుకుతుంది? జనాభా లెక్కలో తల ఒక్కటే ఎక్కుతుంది. అత్తరు లెక్కలో దారి, చుట్టరికం, ప్రేమ ఎక్కుతాయి. అందుకే ఖాళీ సీసాను పారేయొద్దంటున్నా. మయ్యత్తుకు కర్పూరం కలిపిన నీళ్లతో చివరి తానం చేయించి మనిషిని సాగనంపుతాం. ఆ మనిషి పెట్టెను మాత్రం నెలలోపే పంచేస్తాం, మిగిలింది చెత్తలో వేస్తాం. పంచుకోండి, తప్పులేదు. పంచుకునే ముందు రాసుకోండి.

ఏ పెట్టెలోనూ కొనకుండానే మా సీమ జనమందరికీ దక్కే పరిమళం ఒకటుంది. ఎర్రనేల మీద తొలివాన పడినప్పుడు లేచే వాసన. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ ఆ వాసనకు మూలం వెతికారు. ఎండిన మట్టిలో, రాళ్లలో చేరిన నూనె వాన తడికి బయటికొస్తుందని చెప్పి, దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాళ్లకు ముందే ఉత్తరప్రదేశ్‌లో అత్తరువాళ్లు ఆ పని చేస్తున్నారని వాళ్లే రాశారు. కాల్చిన మట్టిని దేగులో పెట్టి, చందనంలోకి దించి, మిట్టీ అత్తరు తీసేవాళ్లు. వాన కోసం ఆకాశం చూసే కుందుర్పి రైతు, వాడు రెడ్డయినా బోయైనా సాయిబైనా, ఆ వాసనకు ఒకే తీరున తలెత్తుతాడు.

మిట్టీ, ఖస్, కేవ్‌డా, కదంబం కలిపి చేసే అత్తరును మజ్మువా అంటారు. మజ్మువా అంటే పోగు, సంకలనం. ఉర్దూలో కవితల పుస్తకాన్నీ మజ్మువా అంటారు. అందులో ఏ వాసనా తన పేరు వదులుకోదు, ఏదీ పక్కదాన్ని తరిమేయదు. ముక్కు తెలిసినవాడు నాలుగింటినీ విడివిడిగా పట్టుకుంటాడు. ఈ దేశంలో మేం అడుగుతున్నదీ అదే. మా సీసా మీద మా పేరు మేం రాసుకుంటాం. లోపల ఏముందో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత మిగిలిందో మేమే లెక్క చెబుతాం. మీ ఇంట్లోనూ ఒక పెట్టె ఉండే ఉంటుంది. తెరిచి, మొదటి సీసాకు ఒకటో నెంబరు వేయండి.